పదహారు బటన్లు కాలానికా, ధ్వనికా? వేదిక కోసం శాంప్లర్ ఎంపికపై ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని కళాకారిణి కొన్నేళ్లుగా ఎలక్ట్రానిక్ సంగీతాన్ని పూర్తిగా ల్యాప్‌టాప్ మీదే తయారుచేస్తూ వచ్చారు. ముప్పావు గంట సాగే ప్రదర్శనను ల్యాప్‌టాప్ లేకుండా, ఒక్కరే, వేదిక మీద నడపాలన్నది ఆమె ఉద్దేశం. ఆమె దగ్గర అప్పటికే ఒక అనలాగ్ మోనో సింథసైజర్, ఒకే ఆక్స్ సెండ్ (ధ్వనిని బయటి ఎఫెక్టుకు పంపే దారి) ఉన్న చిన్న మిక్సర్, చేతిలో పట్టే స్టీరియో ఫీల్డ్ రికార్డర్ ఉన్నాయి. వీటన్నింటి నడుమ లయను నడిపే యంత్రం ఒక్కటి కావాలి: డ్రమ్ మెషీనో, రికార్డు చేసిన ధ్వనిని (శాంపిల్‌ను) మళ్లీ మోగించే శాంప్లరో. ప్రదర్శకులకు పరికరాలు అమర్చిపెట్టడం, వాటిని సౌండ్ డెస్క్‌కు కలిపి సెట్ ముగిసేదాకా దగ్గరుండి చూసుకోవడం నా వృత్తి కాబట్టి, ఎంపిక దశ నుంచే ఆమె నన్ను కలుపుకున్నారు.

ఆమె రాసుకొచ్చిన జాబితాలో నాలుగు పేర్లున్నాయి: 2018 నాటి రోలాండ్ టీఆర్-8ఎస్, 2017 నాటి ఎలెక్ట్రాన్ డిజిటాక్ట్, 2021 నాటి రోలాండ్ ఎస్‌పీ-404 ఎంకే2, 2020 నాటి అకాయ్ ఎంపీసీ వన్. నాలుగూ పేరున్న యంత్రాలే, నాలుగింటితోనూ మంచి సంగీతం వస్తోంది. అందువల్ల వీటిలో ఏది గొప్పది అన్న చర్చకు నేను మొదటి నుంచీ తావివ్వలేదు. ఆ చర్చ ఎప్పుడూ ట్రాకుల సంఖ్య, మెమరీ, ఎఫెక్టుల జాబితా దగ్గరే తిరుగుతూ ఉంటుంది. అవేవీ ఈ వ్యక్తి వేదిక మీద ఏం చేస్తారో చెప్పవు.

ముందుగా ఫైళ్లు చూడటం

నేను మొదట అడిగినది ఆమె పూర్తిచేసిన పాటల ప్రాజెక్ట్ ఫైళ్లను. ఒక సంగీతకారుడు తన పని గురించి చెప్పే మాటలకూ, ఫైలులో కనిపించే పనికీ మధ్య తరచుగా ఎడం ఉంటుంది. తనది ప్రధానంగా రోలాండ్ వారి పాత డ్రమ్ మెషీన్ టీఆర్-808 ధ్వని అని ఆమె చెప్పారు. ఫైళ్లు తెరిచి చూస్తే 808 వైపు నుంచి వచ్చినవి కిక్ (అడుగు డ్రమ్ము దెబ్బ), హై-హ్యాట్ (చిన్న తాళాల చప్పుడు) మాత్రమే. మిగిలిన తాళ ధ్వనులన్నీ ఆమె స్వయంగా రికార్డు చేసినవి: ఇనుప గేటు మూసుకోవడం, మెట్ల మీద అడుగులు, లిఫ్టు తలుపు, కాగితం చింపిన చప్పుడు. వీటికి తోడు ప్రతి పాటకూ అడుగున రెండు మూడు నిమిషాల పాటు సాగే పొడవైన స్టీరియో పరిసర ధ్వని ఒకటి ఉంది. రెండు పాటలలో ఆమె తన గొంతును అప్పటికప్పుడు రికార్డు చేసి, లూపుగా తిప్పి, దాని మీద పాట కడతారు.

లయ విషయంలో ఫైళ్లు మరింత స్పష్టంగా మాట్లాడాయి. పాటలన్నీ 118 నుంచి 126 బీపీఎం (నిమిషానికి బీట్లు) మధ్యలో ఉన్నాయి. చాలా పాటల్లో కిక్ పదహారు స్టెప్పుల (స్టెప్ అంటే బీటులో నాలుగో వంతు) చక్రంలో తిరుగుతుంటే, గేటు చప్పుడో కాగితమో ఏడు స్టెప్పుల చక్రంలో తిరుగుతుంది. రెండు చక్రాలూ మళ్లీ ఒకే చోట కలవడానికి నూట పన్నెండు స్టెప్పులు, అంటే ఏడు బార్లు (బార్ అంటే నాలుగు బీట్లు) పడుతుంది. 120 బీపీఎం దగ్గర అది పద్నాలుగు సెకన్లు. ఆమె పాటల్లో ఎక్కడా పెద్ద మలుపులు లేకపోయినా వినేవారికి విసుగు రాకపోవడానికి కారణం ఈ చక్రాలు ఇలా ఒకదాని మీద ఒకటి జరుగుతూ పోవడమే. అలాగే ఒక్కో స్టెప్పుకు ఫిల్టర్‌నూ, ధ్వని మొదలయ్యే చోటునూ విడివిడిగా మార్చిన ఆటోమేషన్ గీతలు ప్రతి ఫైలులోనూ కనిపించాయి. ప్యాడ్ మీద వేళ్లతో వాయించి రికార్డు చేసిన ట్రాకు మాత్రం ఒక్కటీ కనిపించలేదు.

నాకు అసలు జవాబు అక్కడే కనిపించింది. అయినా దానిని ఆమె చేతులతో ఆమే తేల్చుకోవాలి కాబట్టి అప్పుడు చెప్పలేదు.

రెండు వంశాలు

డ్రమ్ మెషీన్లు, శాంప్లర్లు చూడటానికి దగ్గరి బంధువులలా ఉంటాయి కానీ వాటి వెనుక రెండు వేర్వేరు ఆలోచనలు ఉన్నాయి. 1980లో వచ్చిన టీఆర్-808లో ముందు అంచున వరుసగా పదహారు బటన్లు ఉంటాయి. ఒక్కో బటన్ బార్‌లోని ఒక్కో పదహారో వంతు. ఒక వాద్యాన్ని ఎంచుకుని, అది ఎక్కడెక్కడ మోగాలో ఆ బటన్లతో గుర్తుపెడతాము. 1988లో రోజర్ లిన్ రూపకల్పనతో అకాయ్ సంస్థ తెచ్చిన ఎంపీసీ60లోనూ పదహారే ఉన్నాయి, కానీ నాలుగు వరుసల్లో నాలుగేసి ప్యాడ్లుగా. ఇక్కడ ఒక్కో ప్యాడ్ ఒక్కో ధ్వని. కాలాన్ని బటన్ చూపదు. వాయించే వేలే చూపుతుంది.

మొదటి యంత్రంలో పదహారు అంటే కాలం, రెండవ దానిలో పదహారు అంటే ధ్వనులు. నా అనుభవంలో ఒక సంగీతకారుడికి ఏ యంత్రం నప్పుతుందో చెప్పడానికి ఇంతకంటే నమ్మదగిన ప్రశ్న దొరకలేదు. లయను గుర్తులు పెట్టి నేసేవారికి ప్యాడ్ల యంత్రం ఇస్తే ప్రతి మార్పుకూ తెర వైపు చూడాల్సి వస్తుంది. వేళ్లతో వాయించేవారికి స్టెప్పుల యంత్రం ఇస్తే తమ చేతి ఊపు ఎక్కడ పోయిందో తెలియక ఇబ్బంది పడతారు. ఈనాటి యంత్రాలు రెండు పనులూ చేస్తామంటాయి, చేస్తాయి కూడా. ఎంపీసీ వన్‌లో ప్యాడ్లను స్టెప్పులుగా మార్చుకోవచ్చు, డిజిటాక్ట్‌లో స్టెప్ బటన్లను ధ్వనులుగా వాయించవచ్చు. అయితే రెండవ పనికి ఎప్పుడూ ఒక మోడ్ మారవలసి ఉంటుంది. చీకటి వేదిక మీద ఏ మోడ్‌లో ఉన్నామో మరిచిపోవడం ఎంత సులభమో ప్రదర్శకులకు చెప్పనక్కర్లేదు.

808 ధ్వని కావాలంటే 808 లాంటి యంత్రమే కావాలా?

808 ధ్వనులను తిరిగి పుట్టించే టీఆర్-8ఎస్ ఆమె జాబితాలో మొదట ఉండటానికి కారణం ఈ ప్రశ్నే. ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు కాబట్టి దీని మీద ఎక్కువ సమయమే పెట్టాము.

808లో ప్రతి ధ్వనీ విద్యుత్ వలయం నుంచే పుడుతుంది. రికార్డు చేసిన ధ్వని అందులో ఒక్కటీ లేదు. దాని తర్వాత 1983లో వచ్చిన టీఆర్-909లో హై-హ్యాట్, సింబల్ మాత్రం రికార్డు చేసిన ధ్వనులు, మిగిలినవి అనలాగ్. 808 హై-హ్యాట్ వెనుక ఆరు స్క్వేర్ వేవ్ ఆసిలేటర్లు ఆగకుండా తిరుగుతూ ఉంటాయి. స్టెప్ వచ్చినప్పుడు వాటి ధ్వనికి ఒక క్షణం తలుపు తెరుచుకుంటుంది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆ ఆరు తరంగాలూ వేరే స్థితిలో ఉంటాయి కాబట్టి రెండు దెబ్బలు అచ్చంగా ఒకేలా ఉండవు. దానిని ఒక్కసారి శాంపిల్ చేసి పదహారు స్టెప్పులకూ అదే శాంపిల్ పెడితే ప్రతి దెబ్బా ఒకే ముద్రలా పడి, కొన్ని బార్ల తర్వాత చెవికి గుచ్చుకోవడం మొదలవుతుంది. శాంపిల్‌లో ప్రాణం లేదని చాలామంది అనేది ఈ తేడా గురించే. దీనికి మందు ఉంది. ఒకే హై-హ్యాట్‌ను చాలాసార్లు మోగించి ఒకే పొడవైన శాంపిల్‌గా తీసుకుని, ఎల్‌ఎఫ్‌ఓతోనో (ఒక విలువను నెమ్మదిగా పైకీ కిందికీ ఊపే ఆసిలేటర్), స్టెప్పు స్టెప్పుకూ వేరు విలువ పెట్టో, శాంపిల్ మొదలయ్యే చోటును మారుస్తూ పోతే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆ చిన్న తేడా తిరిగి వస్తుంది.

కిక్ విషయం మరోలా ఉంటుంది. సింథసిస్‌తో పుట్టే కిక్‌లో స్వరాన్ని తగ్గిస్తే నిడివి మారదు, నిడివికి వేరే నాబ్ ఉంటుంది. మామూలు పద్ధతిలో నడిచే శాంపిల్‌లో స్వరమూ నిడివీ కలిసే మారతాయి. నాలుగు వందల మిల్లీసెకన్ల కిక్‌ను మూడు సెమిటోన్లు (సెమిటోన్ అంటే పక్కపక్క స్వరాల మధ్య దూరం) దించితే అది దాదాపు 1.19 రెట్లు సాగి 476 మిల్లీసెకన్లు అవుతుంది. 124 బీపీఎం దగ్గర ఒక బీటు 484 మిల్లీసెకన్లే కాబట్టి, ఒక కిక్ తోక దాదాపు తర్వాతి కిక్ తలను తాకుతుంది. అడుగు ధ్వని అంతా బురదగా మారుతుంది. ప్రదర్శనలో కిక్ స్వరాన్ని చేత్తో తిప్పుతూ ఆడేవారికి ఇది నిజమైన అడ్డంకి. ఆమె అలా ఆడరు. పాటకు ఒక స్వరం, పాటంతా అదే. అందువల్ల ల్యాప్‌టాప్‌లోని ఆమె కిక్ ధ్వనిని ఒక్కో పాట శ్రుతిలో విడిగా శాంపిల్ చేసుకుంటే చాలునని తేల్చాము.

ఇవి రెండూ తేలాక టీఆర్-8ఎస్‌ను పక్కన పెట్టడం కష్టమనిపించలేదు. ఒక్కో వాద్యానికి ఒక్కో ఫేడర్ ఉన్న ఆ యంత్రం వేదిక మీద ఎంతో హాయినిస్తుంది; పదకొండు వాద్యాలనూ వేళ్లకు అందే దూరంలో ఉంచినట్లుంటుంది. స్టీరియో మెయిన్ అవుట్‌తో పాటు విడి అవుట్లు కూడా ఉండటం సౌండ్ మనిషిగా నాకు ఇష్టమైన సంగతి. కానీ అది స్వయంగా శాంపిల్ చేయదు. ఎస్‌డీ కార్డు ద్వారా ఫైళ్లు తెచ్చుకోవాలి. ఆమె ధ్వనుల్లో ఎక్కువ భాగం బయట రికార్డు చేసినవే అయినప్పుడు, ఆ కత్తిరింపు పనంతా మళ్లీ ల్యాప్‌టాప్ దగ్గరికే వెళ్తుంది.

ఒకే పాట, మిగిలిన మూడు యంత్రాలు

తెలిసినవారి దగ్గర మూడింటినీ అరువు తెచ్చుకున్నాము. పరీక్షను ఎప్పుడూ తయారైన పాటతోనే చేయించాలన్నది నా పట్టుదల. కొత్త యంత్రం ముందు కూర్చుని కొత్త పాట మొదలుపెడితే యంత్రం తేలికగా చేయగలిగినదే మనం చేస్తాము, అది చేయలేనిది మన కంట పడదు. తయారైన పాటను తిరిగి కట్టమంటే దానికి ఎక్కడ చేతకాదో వెంటనే బయటపడుతుంది. కాబట్టి ఏడు స్టెప్పుల, పదహారు స్టెప్పుల చక్రాలు రెండూ ఉన్న ఒక పాటను మూడింటి మీదా కట్టాలి, అక్కడి నుంచి ఆగకుండా రెండవ పాటకు దాటాలి, ఆ తర్వాత నేను చెప్పినప్పుడల్లా నాబులన్నీ ఇష్టం వచ్చినట్లు తిప్పేసి మళ్లీ శుభ్రమైన స్థితికి రావాలి. ఈ మూడవ పనిని చాలామంది పరీక్షించరు. ప్రదర్శనలో మార్పు చేయడం కంటే మార్చినదాన్ని వెనక్కు తేవడమే కష్టం.

ఎంపీసీ వన్ మీద ఆమె పాట మొత్తం దిగింది. రెండు గిగాబైట్ల ర్యామ్‌లో పొడవైన పరిసర ధ్వనులు కూడా స్టీరియోలోనే సరిపోయాయి. టెంపో మారినా లూపు శ్రుతి మారకుండా ఉండే టైమ్ స్ట్రెచ్ ఉంది. ట్రాకుకు విడి నిడివి ఉంది. ఆమెకు కావలసినవి అన్నీ అందులో ఉన్నాయి. అయినా పని చేస్తున్నంతసేపూ ఆమె చూపు ఏడు అంగుళాల తెర మీదే ఉండటం గమనించాను. ఏడు స్టెప్పుల చక్రాన్ని ఎనిమిదికి మార్చమంటే తెర మీద ఆ చోటు వెతకాలి. ల్యాప్‌టాప్ ఎందుకు వద్దనుకున్నారో అదే ఇక్కడ చిన్న రూపంలో తిరిగి వచ్చింది. ఇంట్లో కంప్యూటర్ లేకుండా పాటను మొదటి నుంచి చివరిదాకా కట్టాలనుకునేవారికి నేను ఇప్పటికీ ఎంపీసీనే చెబుతాను. ఆమెకు ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటుంది, ఉండాలి కూడా.

ఎస్‌పీ-404 ఎంకే2 ఆమెకు వెంటనే నచ్చింది. కూర్పు సంగతి పక్కనపెడితే ధ్వనిని లోపలికి తెచ్చుకోవడంలో దానికి సాటి రావడం కష్టం. స్కిప్ బ్యాక్ అనే సదుపాయంతో, రికార్డు నొక్కకపోయినా, అప్పటికే మోగిపోయిన కొన్ని సెకన్ల ధ్వనిని వెనక్కు వెళ్లి పట్టుకోవచ్చు. గొంతుతో చేసే రెండు పాటలకు ఇది వరమే. ఎఫెక్టుతో సహా మోగుతున్నదాన్ని మళ్లీ శాంపిల్ చేసి మరో ప్యాడ్‌లో వేసుకోవడం కూడా చేతికి అందే దూరంలోనే ఉంది. కానీ అది ధ్వనుల యంత్రం. పదహారు ప్యాడ్లు పదహారు శాంపిళ్లు. దాని ప్యాటర్న్ (తిరిగి తిరిగి మోగే లయ ముక్క) ప్రధానంగా వాయించి పట్టుకునేది, ప్యాటర్న్ అంతటికీ నిడివి ఒకటే. ఏడు చక్రాన్ని పదహారుతో కలపాలంటే ఏడు బార్ల ప్యాటర్న్‌లో ఏడు చక్రాన్ని చివరిదాకా పూర్తిగా నింపాలి. ఆ తర్వాత ఏడును అయిదు చేయాలనిపిస్తే మళ్లీ మొదటి నుంచి.

డిజిటాక్ట్ మీద తొలి గంట ఆమెకు చికాకుగానే గడిచింది. తెర చిన్నది, ఒక్కో బటన్‌కు రెండు పనులు, మొదటి డిజిటాక్ట్‌లో ఎనిమిది ఆడియో ట్రాకులే, అవీ మోనో. 2024లో వచ్చిన రెండవ డిజిటాక్ట్‌లో పదహారు స్టీరియో ట్రాకులు ఉన్నాయి, కానీ మాకు దొరికినదీ ఆమె కొనగలిగినదీ మొదటిదే. చికాకు తగ్గాక జరిగినది వేరు. ట్రాకు నిడివిని ఏడు చేయడం, ఒక స్టెప్ బటన్‌ను నొక్కి పట్టి నాబ్ తిప్పి ఆ ఒక్క స్టెప్పుకే ఫిల్టర్ మార్చడం ఆమె చేతికి చూడకుండానే అలవాటైపోయాయి. ఫైళ్లలో నేను చూసిన ఆటోమేషన్ గీతలు గీసే చెయ్యి ఇక్కడ నేరుగా బటన్ మీద పడింది. వెనక్కు తెచ్చే పరీక్షలో తేడా ఇంకా స్పష్టంగా కనిపించింది: ప్యాటర్న్‌ను తాత్కాలికంగా భద్రపరిచి, ఒక నాబ్‌తో అన్ని ట్రాకుల ఫిల్టర్లనూ ఒకేసారి మూసేసి, ధ్వనుల నిడివి చెడగొట్టి, ఆ తర్వాత రెండు బటన్లు కలిపి నొక్కితే అంతా ముందున్న స్థితికి వచ్చేసింది. ఆమె దానిని కేవలం రక్షణగా తీసుకోలేదు, పాటలోని ఒక మలుపుగా వాడుకోవడం మొదలుపెట్టారు.

మెమరీ లెక్క

డిజిటాక్ట్‌లో శాంపిళ్లకు ఉన్న అరవై నాలుగు మెగాబైట్లు చాలా తక్కువ కదా అన్నది ఆమె అభ్యంతరం. అంకె చూస్తే అలాగే అనిపిస్తుంది. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ మోనో ధ్వనికి సెకనుకు 96,000 బైట్లు కావాలి, నిమిషానికి 5.76 మెగాబైట్లు. అరవై నాలుగులో సుమారు పదకొండు నిమిషాలు పడుతుంది. మూడు వందల మిల్లీసెకన్ల గేటు చప్పుడు 29 కిలోబైట్లు కూడా కాదు. అలాంటివి వంద వేసినా మూడు మెగాబైట్లు దాటవు. దెబ్బలకు మెమరీ ఎప్పుడూ సమస్య కాదు. సమస్యంతా పాట అడుగున సాగే పొడవైన పరిసర ధ్వనులదే. అవి పాటకు మూడు నిమిషాల చొప్పున ఏడు పాటలకు ఇరవై ఒక్క నిమిషాలు. మోనో చేసినా పట్టవు.

పైగా మోనో చేస్తే మరో చిక్కు. ఎడంగా పెట్టిన రెండు మైకులతో తీసిన రికార్డింగ్‌లో ఒకే ధ్వని రెండు చానెళ్లకు కొద్దిపాటి తేడాతో చేరుతుంది. ఆ రెంటినీ కూడితే కొన్ని పౌనఃపున్యాలు ఒకదానినొకటి తినేసి, ధ్వని పలచబడుతుంది. ఇటువంటప్పుడు కూడటం కంటే ఒక చానెల్‌ను మాత్రమే తీసుకోవడం మేలు. చిన్న దెబ్బలకు అలాగే చేశాము. పరిసర ధ్వనులు ఆ పద్ధతిలో ప్రాణం కోల్పోయాయి.

ఇక్కడ నేను ఆమెను అడిగినది ఒక్కటే: ఈ పొడవైన ధ్వనులు లయతో కలిసి నడవాలా? అక్కర్లేదు. వాన, ట్రాఫిక్, ఖాళీ గది హోరు ఏ బీటు మీద మొదలైనా తేడా ఉండదు. అలాంటప్పుడు అవి శాంప్లర్‌లో ఎందుకు ఉండాలి? వాటిని రికార్డు చేసిన ఫీల్డ్ రికార్డరే మిక్సర్‌లోని స్టీరియో చానెల్‌కు కలిసింది; పాటకు ఒక ఫైలు, వరుసగా. మెమరీ చర్చ అంతటితో ముగిసింది. ఒకే యంత్రం అన్నీ మోయాలన్న షరతు మనసులో ఉన్నంతకాలం సమాచార పట్టికలోని ప్రతి అంకే లోటుగా కనిపిస్తుంది.

మెమరీ గురించి మాట్లాడుతున్నాము కాబట్టి ఒక పక్క మాట. 1987 నాటి ఈ-ము ఎస్‌పీ-1200లో మొత్తం శాంపిల్ సమయం పది సెకన్లు మాత్రమే, 12 బిట్, 26.04 కిలోహెర్ట్జ్. నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన రికార్డును 45 వేగంలో తిప్పి శాంపిల్ చేసి, తర్వాత యంత్రంలో స్వరాన్ని అయిదు సెమిటోన్లకు పైగా దించి, ఉన్న సమయంలోనే మూడో వంతు ఎక్కువ ధ్వనిని ఇరికించేవారు. అలా దించినప్పుడు వచ్చే గరుకుదనాన్నే ఈనాడు ఎఫెక్టుగా అమ్ముతున్నారు. ఆమె కూడా ఆ గరుకు కావాలన్నారు. శాంపిల్ చేసే ముందు ధ్వనిని వేగంగా నడిపి, యంత్రంలో దించుకోమని చెప్పాను; బిట్లు తగ్గించే నాబ్ కంటే ఆ పద్ధతి ఆమె గేటు చప్పుడుకు బాగా కుదిరింది.

నిర్ణయం

చివరికి పోటీ డిజిటాక్ట్‌కూ ఎస్‌పీ-404 ఎంకే2కూ మధ్య మిగిలింది. నేను గొంతు పాటల వైపు నుంచి వాదించాను. డిజిటాక్ట్‌లో ప్రత్యక్షంగా శాంపిల్ చేయడానికి శాంప్లింగ్ పేజీకి వెళ్లి, రికార్డు చేసి, అంచులు కత్తిరించి, ట్రాకుకు అప్పగించాలి. పాట మధ్యలో ఇన్ని మెట్లు ఎక్కడం ప్రేక్షకుల ముందు చాలా పొడవుగా అనిపిస్తుంది. ఆమె జవాబు సూటిగా ఉంది: “గొంతు పాటలు రెండే కదండీ. ఏడు చక్రం లేని పాట నా సెట్‌లో ఒక్కటి కూడా లేదు.” ఆ లెక్క సరైనదే. అరుదుగా చేసే పనికి అనువైన యంత్రాన్ని కాక, ప్రతి నిమిషం చేసే పనికి అనువైనదాన్ని ఆమె ఎంచుకున్నారు.

అమరికలో తేలిన సంగతులు

టెంపోకు యజమాని డిజిటాక్టే. మిడి (సంగీత యంత్రాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే పద్ధతి) క్లాక్ బీటుకు ఇరవై నాలుగు సంకేతాలు పంపుతుంది. 120 బీపీఎం దగ్గర దాదాపు ప్రతి 20.8 మిల్లీసెకన్లకు ఒకటి. సింథసైజర్‌లోని ఆర్పెగ్గియేటర్ (పట్టిన స్వరాలను ఒకదాని తర్వాత ఒకటిగా వాయించే భాగం) ఆ సంకేతాలను అనుసరిస్తుంది. మిడి కేబుల్‌లో ఒక స్వర సందేశం ప్రయాణించడానికి మిల్లీసెకను లోపే పడుతుంది కాబట్టి ఒకే మోనో సింథసైజర్ ఉన్న ఇలాంటి అమరికలో ఆలస్యం సమస్య రాలేదు.

స్వింగ్ (ప్రతి రెండవ స్టెప్పును కొంచెం ఆలస్యంగా మోగించి ఊపు తేవడం) దగ్గర మాత్రం కొంచెం శ్రమ పడింది. ల్యాప్‌టాప్‌లో ఆమె వాడిన 58 శాతాన్ని యథాతథంగా పెట్టినా పాట అదే ఊపుతో నడవలేదు. 120 బీపీఎం దగ్గర రెండు పదహారో వంతుల జత 250 మిల్లీసెకన్లు. 58 శాతం అంటే రెండవది 125కు బదులు 145 దగ్గర, అంటే ఇరవై మిల్లీసెకన్లు ఆలస్యంగా పడాలి. క్లాక్ సరిగానే ఉంది. తేడా శాంపిళ్లలో ఉంది: గేటు చప్పుడుకు ముందు కీలు కదిలే చిన్న శబ్దం పది పదిహేను మిల్లీసెకన్లు ఉంది, ల్యాప్‌టాప్‌లో ఆ ట్రాకును అంత ముందుకు జరిపి ఉంచారు. యంత్రంలోకి వచ్చేసరికి ఆ జరుపు పోయింది. శాంపిల్ మొదలయ్యే చోటును దెబ్బ అంచు దాకా కత్తిరించాక ఊపు తిరిగి వచ్చింది. ఫీల్డ్ రికార్డింగులతో పని చేసేవారు స్వింగ్ నాబ్‌ను ముట్టుకోకముందే చూసుకోవలసిన సంగతి ఇది.

ట్రాకులకు విడి నిడివి పెట్టినప్పుడు డిజిటాక్ట్‌లో మరో రెండు విలువలు నిర్ణయించాలి: అన్ని ట్రాకులూ మళ్లీ మొదటికి ఎన్ని స్టెప్పులకు రావాలి, తర్వాతి ప్యాటర్న్‌కు ఎన్ని స్టెప్పుల తర్వాత మారాలి. మొదటిదాన్ని అనంతంగా వదిలితేనే ఏడు చక్రం తన దారిన జరుగుతూ పోతుంది. రెండవదాన్ని పదహారు చేస్తే, తర్వాతి పాట ఎంచుకున్నాక బార్ చివరన మార్పు జరుగుతుంది. ప్రతి ప్యాటర్న్‌కూ ఈ విలువలను విడిగా సరిచూసుకున్నాము. ఒక్కదానిలో తప్పినా మార్పు ఆమె ఊహించని చోట పడుతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది అవుట్ల సంగతి. ఈ యంత్రానికి స్టీరియో మెయిన్ అవుట్ తప్ప విడి అవుట్లు లేవు. హాలులో కిక్‌ను విడిగా సర్దే వీలు సౌండ్ డెస్క్‌కు ఉండాలని నేను ఎప్పుడూ కోరుకుంటాను. ట్రాకులు ఎలాగూ మోనోయే, ఆమె ధ్వనులను పక్కలకు జరిపి పెట్టే అలవాటూ లేదు. అందుకని కిక్‌ను పూర్తిగా ఎడమకు, మిగిలినవన్నీ పూర్తిగా కుడికి తిప్పి, రెండు అవుట్లనూ రెండు మోనో లైన్లుగా మిక్సర్‌కు తెచ్చాము. ఇందులో ఒక చిక్కుంది: యంత్రంలోని రివర్బ్, డిలే స్టీరియోలో తిరిగి వస్తాయి కాబట్టి కుడివైపు ధ్వనుల ప్రతిధ్వని ఎడమన కిక్ లైనులో కూడా చేరుతుంది. అందువల్ల లోపలి రివర్బ్‌ను మూసేసి, మిక్సర్‌లోని ఆక్స్ సెండ్ ద్వారా బయటి రివర్బ్ పెడల్‌ను కుడి లైనుకు మాత్రమే వాడాము. డిలే ఒక పాటలో తప్పనిసరి. ఆ పాటలో కిక్ వెనుక కొంత డిలే వినిపిస్తుందని డెస్క్ దగ్గరి మనిషికి ముందే చెబుతాము.

మరొక చిన్న పని, కానీ మానకూడనిది. శాంపిళ్లు వేర్వేరు చోట్ల నుంచి వచ్చినప్పుడు వాటి గరిష్ఠ స్థాయి ఒకటే అయినా చెవికి వినిపించే బిగ్గరతనం ఒకటి కాదు. పాటకూ పాటకూ కిక్ స్థాయి ఎగుడుదిగుడుగా ఉంటే డెస్క్ దగ్గర కంప్రెసర్ (బిగ్గర ధ్వనులను అణిచే పరికరం) ప్రతి పాటలో వేరుగా ప్రవర్తిస్తుంది. అన్ని ప్యాటర్న్లనూ వరుసగా తిప్పుతూ కిక్ ఒక్కటే వింటూ స్థాయిలు సమం చేశాము. ఆ తర్వాత ప్రాజెక్టును, శాంపిళ్లను కంప్యూటర్‌లోకి నకలు తీసుకున్నాము.

తేలకుండా మిగిలినది

గొంతు పాటలు రెండింటినీ ఇప్పటి సెట్‌లో మార్చిన రూపంలో చేస్తున్నారు: ముందే రికార్డు చేసిన గొంతు ముక్కలు ఒక ట్రాకులో ఉంటాయి, వాటి మీద ఆమె నేరుగా పాడతారు. ఇది ఆమెకు పూర్తిగా నచ్చలేదు, నాకూ నచ్చలేదు. తర్వాతి ప్రదర్శనకు ఎస్‌పీ-404 ఎంకే2ను అరువుగా తెచ్చి, మైకును దాని ద్వారా పంపి, స్కిప్ బ్యాక్‌తో లూపులు పట్టుకునే పద్ధతిని సాధనలో చూస్తున్నాము. దానికి క్లాక్ ఇవ్వాలంటే సింథసైజర్ మిడి థ్రూ (అందిన సంకేతాలను ముందుకు పంపే సాకెట్) నుంచి కేబుల్ తీయాలి. డిజిటాక్ట్, సింథసైజర్ రెండింటికీ అయిదు పిన్నుల మిడి సాకెట్లు ఉండగా, దీనికి ఉన్నది 3.5 మిల్లీమీటర్ల జాక్; ఇలాంటి అడాప్టర్లలో ‘ఏ’ (A) రకమూ ‘బీ’ (B) రకమూ అని రెండున్నాయి, 2018లో ప్రమాణంగా నిర్ణయించినది ‘ఏ’ (A) రకాన్ని. సరైన రకం కాకపోతే క్లాక్ అసలు చేరదు కాబట్టి సాధనకు ముందే దాన్ని పరీక్షించాలి. అయితే గొంతు లూపులు కిక్‌తో కచ్చితంగా కలవాలా, లేక పరిసర ధ్వనుల్లాగే వాటి దారిన అవి తిరగవచ్చా అన్నది ఆమె ఇంకా తేల్చుకోలేదు. తిరగవచ్చని తేలితే క్లాక్ కేబుల్, అడాప్టర్ రెండింటి అవసరమూ తీరిపోతుంది, ఎస్‌పీ నుంచి మిక్సర్‌కు రెండు ఆడియో లైన్లు మాత్రమే మిగులుతాయి.